మంచుబిందువుల మొక్క – డ్రాసెరా
ద్రవ్య పరిచయ పాఠం: రూపం, నివాసం, వైద్య విచారం

ఆయుర్వేదంలో ఒక ఓషధిని తెలుసుకోవడం మూడు మెట్లుగా సాగుతుంది. మొదటిది నామజ్ఞానం, రెండవది రూపజ్ఞానం, మూడవది యోగజ్ఞానం. చరక సంహిత సూత్రస్థానంలోని మొదటి అధ్యాయమే ఈ సంగతిని స్పష్టం చేసింది. మేకలను, గొర్రెలను, గోవులను కాచేవారికి, వనవాసులకు ఓషధుల పేర్లూ రూపాలూ తెలిసే ఉంటాయి. అంతమాత్రం చేత వాటి ప్రయోగం తెలిసినట్లు కాదు. నామరూపాలతో పాటు దేశకాలాలను, రోగి ప్రకృతిని అనుసరించి ప్రయోగించగలవాడే వైద్యుడని ఆచార్యుని మతం. తెలియని ఔషధం విషం వంటిది, శస్త్రం వంటిది, అగ్ని వంటిది అని కూడా ఆ అధ్యాయంలోనే హెచ్చరిక ఉంది.

ఈ హెచ్చరిక నేటి పాఠానికి మిక్కిలి అవసరం. కీటకాలను పట్టి జీర్ణం చేసుకొనే డ్రాసెరా అనే చిన్న మొక్కను గురించి పాఠకులు తరచుగా అడుగుతున్నారు. పురుగులను తినే మొక్క కనుక కడుపులోని పురుగులను కూడా చంపుతుందా అని కొందరి ప్రశ్న. బంగారాన్ని భస్మం చేయగల దివ్యౌషధి ఇదేనా అని మరికొందరి ప్రశ్న. ఎండిన మొక్కలను పొట్లాలు కట్టి, కీళ్లనొప్పులకూ క్షయకూ మందని అమ్మేవారు కూడా ఉన్నారు. కనుక ఈ మొక్క ఎటువంటిది, ఎక్కడ ఎందుకు పెరుగుతుంది, వైద్యంలో దీని స్థానమెంత అనే మూడు విషయాలను వరుసగా విచారిద్దాం.

నామ విచారం

ఈ ప్రజాతికి డ్రాసెరా అని పేరు. గ్రీకు భాషలో మంచుబిందువును తెలిపే మాట నుంచి ఇది పుట్టింది. స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో ప్రచురించిన గ్రంథంలో ఈ పేరు స్థిరపడింది. ఆంగ్లంలో దీనిని సన్‌డ్యూ అంటారు, అనగా సూర్యుని మంచు. ఎర్రటి ఎండలో, తక్కిన గడ్డిపరకల మీది మంచు ఆరిపోయిన తరువాత కూడా దీని ఆకుల మీది బిందువులు మెరుస్తూనే ఉండడం వలన ఆ పేరు సార్థకమైనది.

ప్రపంచంలో ఈ ప్రజాతికి చెందిన జాతులు 200కు పైగా ఉన్నాయి. వాటిలో సగానికి పైగా ఆస్ట్రేలియాలోనే పెరుగుతాయి. మన దేశంలో ప్రధానంగా మూడింటిని చెబుతారు. మొదటిది డ్రాసెరా బర్మన్నై. సింహళ దేశపు మొక్కలను వర్ణించిన హాలండ్ వృక్షశాస్త్రజ్ఞుడు బర్మన్ పేరు మీద దీనికి ఆ పేరు వచ్చింది. రెండవది డ్రాసెరా ఇండికా. మూడవది డ్రాసెరా పెల్టేటా. మొదటి రెండూ మైదానాలలోనూ తక్కువ ఎత్తు కొండలలోనూ కనిపిస్తాయి. మూడవది హిమాలయాలు, నీలగిరులు వంటి ఎత్తైన చల్లని ప్రదేశాలది. మన తెలుగు నేల మీద తూర్పు కనుమలలో, శేషాచలం కొండలలో, ఇసుక పాలు ఎక్కువగా ఉండి తేమ నిలిచే కొన్ని చోట్ల మొదటి రెండు జాతులను చూడవచ్చు.

రూప విచారం

డ్రాసెరా బర్మన్నై రూపాయి బిళ్ల అంతటి మొక్క. కాండం ఉన్నదా లేదా అన్నట్లుంటుంది. ఆకులన్నీ నేలకు అంటుకొని చక్రం వలె పరచుకొంటాయి. ఒక్కొక్క ఆకు మొదలు సన్నగా, కొస వెడల్పుగా, చిన్న గరిటె వలె ఉంటుంది. నీడ పట్టున పచ్చగాను, మంచి ఎండలో ఎర్రగాను కనిపిస్తుంది. మొక్క మధ్య నుంచి బెత్తెడు పొడవు గల సన్నని కాడ లేచి, దాని మీద చిన్న తెల్లని పూలు ఒకదాని తరువాత ఒకటిగా పూస్తాయి. ఒక్కొక్క పువ్వు ఎండ వేళ కొద్ది గంటలు మాత్రమే విచ్చుకొని ముడుచుకుపోతుంది. విత్తనాలు నల్లని ధూళి వలె ఉంటాయి.

డ్రాసెరా ఇండికా వేరు రూపంలో ఉంటుంది. ఇది నిలువుగా జానెడు వరకు పెరుగుతుంది. ఆకులు దారాల వలె సన్నగా, పొడవుగా ఉంటాయి. పూలు గులాబి రంగువి గాని తెల్లనివి గాని కావచ్చు. గడ్డి నడుమ నిలిచి ఉన్నప్పుడు, ఎవరో దానికి నీటిపూసలు గుచ్చి పెట్టినట్లు తోస్తుంది.

పెల్టేటాకు నేలలో చిన్న దుంప ఉంటుంది. ఆకు అర్ధచంద్రాకారంలో ఉండి, ఆకు కాడ అంచున గాక ఆకు వెనుక భాగానికి అతుక్కుంటుంది. అనువుగాని కాలంలో పై భాగమంతా ఎండిపోయినా, దుంప నేలలో జీవించి ఉండి మరల చిగురిస్తుంది.

ఆకుల మీద కనిపించేది మంచు కాదని ముందుగా గ్రహించవలసి ఉంటుంది. ఆకు పై భాగమంతా నూనుగు వెంట్రుకల వంటి స్పర్శకేశాలు ఉంటాయి. ప్రతి కేశం కొసన ఎర్రని గ్రంథి, ఆ గ్రంథి చుట్టూ తేనె పాకం వంటి జిగురు బిందువు ఉంటాయి. వేలితో తాకి లాగితే ఆ జిగురు దారంలా సాగుతుంది.

కీటకం చిక్కే విధానం

బిందువుల మెరుపునకు, ఎరుపునకు ఆకర్షించబడిన చిన్న ఈగ గాని, దోమ గాని, చీమ గాని ఆకు మీద వాలగానే దాని కాళ్లు జిగురులో చిక్కుకొంటాయి. విడిపించుకోవాలని పెనుగులాడిన కొద్దీ మరికొన్ని బిందువులు అంటుకొంటాయి. ఆ కదలిక వలన చుట్టుపట్ల ఉన్న కేశాలు కూడా కీటకం వైపు వంగుతాయి. కీటకాలు మన వలె ముక్కుతో శ్వాసించవు. వాటి శరీరపు పక్కలలో సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. జిగురు ఆ రంధ్రాలను కప్పివేయడంతో అది ఊపిరాడక మరణిస్తుంది. అటుపిమ్మట గ్రంథుల నుంచి మాంసపదార్థాన్ని కరిగించే జీర్ణరసాలు స్రవిస్తాయి. కరిగిన సారాన్ని ఆకు పీల్చుకొంటుంది. కొన్ని రోజులకు కేశాలు మరల విచ్చుకొంటాయి. మిగిలిన పొట్టు గాలికి ఎగిరిపోతుంది.

చాలా జాతులలో కేశాలు వంగడానికి నిమిషాలు, ఒక్కొక్కప్పుడు గంటలు పడుతుంది. మన బర్మన్నై మాత్రం ఇందులో మిక్కిలి చురుకైనది. దీని ఆకు అంచున పొడవైన ప్రత్యేక కేశాలు ఉన్నాయి. అవి కొద్ది సెకన్లలోనే లోపలికి మడిచి కీటకాన్ని ఆకు నడుమకు తోస్తాయి.

ఈ విషయాలను ఓపికతో పరిశీలించి లోకానికి తెలియజేసినవాడు ఛార్లెస్ డార్విన్. ఆయన 1860 వేసవిలో ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతపు బీడుభూమిలో గుండ్రని ఆకుల డ్రాసెరాను చూశాడు. ఒక డజను మొక్కలను తీసి లెక్కించగా, బాగా విచ్చుకొన్న 56 ఆకులలో 31 ఆకులకు కీటకాల కళేబరాలో వాటి అవశేషాలో అంటుకొని ఉన్నాయి. ఒక్కొక్క ఆకు మీద సగటున 192 కేశాలు ఉన్నట్లు ఆయన గణించాడు. పదిహేను సంవత్సరాల పరిశ్రమ తరువాత 1875లో కీటకాహార మొక్కల మీద పెద్ద గ్రంథాన్ని వెలువరించాడు.

ఆయన పరీక్షలలో ఒక విశేషం మన పాఠకులు తప్పక తెలుసుకోదగినది. వెంట్రుక ముక్క వంటి అతిస్వల్పమైన భారం గ్రంథి మీద నిలిచినా కేశం వంగింది. అంతకంటే ఎన్నో రెట్లు బరువైన వాన చినుకులు ఎంత ధాటిగా పడినా వంగలేదు. ప్రతి చినుకుకూ ముడుచుకొంటే ఆ మొక్క వానాకాలమంతా వ్యర్థశ్రమతోనే అలసిపోయేది. గ్రహించవలసినదేదో, వదలవలసినదేదో దానికి తెలుసునన్నట్లుంది ఈ ఏర్పాటు.

కీటకం అన్నం కాదు, ఎరువు

ఈ మొక్క కీటకాలను తిని బ్రతుకుతుందని అనడం సగం సత్యమే. దీని ఆకులలో కూడా పత్రహరితం ఉంది. తక్కిన మొక్కల వలెనే సూర్యరశ్మితో తన పిండిపదార్థాన్ని తానే తయారు చేసుకొంటుంది. కీటకాల నుంచి అది తీసుకొనేది ప్రధానంగా నత్రజని, భాస్వరం. అనగా కీటకం దానికి అన్నం కాదు, ఎరువు. కీటకాలు దొరకకపోయినా వెంటనే చావదు. కాని బలహీనంగా ఉంటుంది, గింజ తక్కువగా కడుతుంది. డార్విన్ కుమారుడు ఫ్రాన్సిస్ 1878లో ఈ సంగతిని నిరూపించాడు. కొన్ని మొక్కలకు వేయించిన మాంసపు నలుసులను పెట్టి, మరికొన్నింటికి పెట్టకుండా పెంచితే, పెట్టినవాటికి పూకాడలూ గింజలూ ఎంతో అధికంగా వచ్చాయి.

నివాస విచారం

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. నేల నుంచి వేళ్లతో తీసుకోవలసిన ఎరువును ఆకులతో కీటకాల నుంచి తీసుకోవలసిన అవసరం ఈ మొక్కకు ఎందుకు కలిగింది? దీని నివాసాన్ని చూస్తే సమాధానం దానంతట అదే తెలుస్తుంది.

మన శాస్త్రం భూమిని జాంగల, ఆనూప, సాధారణ దేశాలుగా విభజించింది. నీరు తక్కువై గాలి, ఎండ ఎక్కువైనది జాంగలం. నీరు నిలిచి తేమ ఎక్కువైనది ఆనూపం. ఈ రెండింటి లక్షణాలు సమంగా ఉన్నది సాధారణం. డ్రాసెరా కోరుకొనేది విచిత్రమైన స్థలం. చుట్టూ జాంగల దేశం, నడుమ చిన్న ఆనూప ఖండం. బోసి రాతి పలకల మీద వాన తరువాత సన్నగా నీరు ఊరే చోటు, ఎర్రని చిట్రాతి నేలల మీది తడి గడ్డి, కొండ వాలున ఊట జారే ఇసుక చెలక, చెరువు శిఖము అంచు, ఎరువు పడని వరిమడి గట్టు. ఇవే దీని ఇళ్లు.

ఇటువంటి చోట్ల నీరు నిరంతరం నేలను కడుగుతూ ఉండడం వలన అందులోని లవణాలు, నత్రజని కొట్టుకొనిపోతాయి. నేల పులుపు తేలుతుంది. తడి వలన గాలి ఆడక, ఆకులూ అలములూ కుళ్లి ఎరువు కావడం కూడా మందగిస్తుంది. పెద్ద మొక్కలకు అక్కడ తిండి చాలదు. అందుచేత నీడనిచ్చి అణచివేసే పొదలు ఉండవు. ఎండ పుష్కలం, నీరు పుష్కలం, ఎరువు మాత్రం శూన్యం. ఈ మూడూ కలిసిన చోటనే జిగురు, జీర్ణరసాలు తయారు చేసే ఖర్చు మొక్కకు గిట్టుబాటు అవుతుంది. సారవంతమైన తోటమన్నులో నాటితే ఈ మొక్క బలిసిపోతుందని అనుకోవడం పొరపాటు. లవణాలకు అలవాటులేని దాని వేళ్లు చెడిపోతాయి, లేదా చుట్టూ ఏపుగా పెరిగిన గడ్డి దానిని కప్పివేస్తుంది.

మన ప్రాంతంలో ఇది వానలకు మొలిచి, వానలు వెనుదీసిన తరువాత చలికాలంలో పూసి, ఎండలు ముదిరేసరికి గింజ రాల్చి మాయమవుతుంది. వేసవిలో అదే చోటికి వెళ్లి చూచినవారికి వట్టి ఇసుక తప్ప మరేమీ కనిపించదు. దాని సంతతి అంతా ఆ ఇసుకలో ధూళి వంటి గింజలుగా నిద్రిస్తూ ఉంటుంది. ఆ పై పొరను ఒక్కసారి గీకివేస్తే మరుసటి సంవత్సరపు మొక్కలే ఉండవు.

దీనికి తోడుగా నీటితుంగలు, యుట్రిక్యులేరియా అనే మరొక కీటకాహార మొక్క కనిపిస్తాయి. యుట్రిక్యులేరియా తడి నేలలో, నీటిలో ఉండి సూక్ష్మమైన తిత్తులతో ప్రాణులను పీల్చుకొంటుంది. మహారాష్ట్రలోని సతారా వద్ద సుమారు 1200 మీటర్ల ఎత్తున ఉన్న కాస్ పీఠభూమి ఇటువంటి సహవాసానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆ పీఠభూమి 2012లో ప్రపంచ వారసత్వ స్థలాలుగా గుర్తింపు పొందిన పశ్చిమ కనుమల భాగాలలో ఒకటి. అక్కడ కూడా నల్లరేగడి లేదు, పంట లేదు. పలుచని మట్టి కప్పిన చిట్రాయి మీదనే వానాకాలంలో పూలు విరగబూస్తాయి.

సందిగ్ధ ద్రవ్యం – రుదంతి

ఇక వైద్య విచారం. చరక, సుశ్రుత, వాగ్భటుల గ్రంథాలలో డ్రాసెరాను నిస్సందేహంగా సూచించే వర్ణన లేదు. రసశాస్త్ర గ్రంథాలలోనూ, తరువాతి నిఘంటువులలోనూ రుదంతి అనే ఓషధి ఉంది. రుదంతి అనగా ఏడ్చేది. నీటిబిందువులను స్రవిస్తుంది కనుక ఆ పేరు. దీనిని రసాయనంగా, క్షయహరంగా కీర్తించారు. ఆకుల మీద బిందువులున్న మొక్క కనుక డ్రాసెరాయే రుదంతి అని కొందరు భావించారు. తమిళ సిద్ధ వైద్యంలో అళుకణ్ణి, అనగా ఏడ్చే కన్నుగలది, అనే పేరుతో డ్రాసెరాను వ్యవహరించేవారు ఉన్నారు. పెల్టేటాను బంగారు భస్మం తయారీలో వాడతారని కూడా కొన్ని ఓషధి గ్రంథాలు నమోదు చేశాయి.

మా గురుకులంలో ద్రవ్యగుణ పాఠం చెప్పేటప్పుడు ఒక నియమం ఉండేది. లక్షణాలలో ఒక్కటి కలిసినంత మాత్రాన ద్రవ్యాన్ని నిర్ణయించరాదు. చెప్పిన లక్షణాలన్నీ కలవాలి. ఒక్కటి విరోధించినా ఆగి విచారించాలి. ఆ నియమాన్ని ఇక్కడ ప్రయోగించి చూద్దాం. నిఘంటువు రుదంతికి చెప్పిన లక్షణాలలో నీరు స్రవించడం ఒకటి, శనగ ఆకు వంటి ఆకు కలిగి ఉండడం మరొకటి. డ్రాసెరా ఆకునకు, శనగ ఆకునకు ఏ మాత్రమూ పోలిక లేదు. బర్మన్నై ఆకు గరిటె వంటిది, ఇండికా ఆకు దారం వంటిది, పెల్టేటా ఆకు అర్ధచంద్రం వంటిది.

చౌడు నేలలలో పెరిగే క్రెస్సా క్రెటికా అనే మొక్కను తీసుకోండి. తెలుగులో దీనికి ఉప్పుశనగ అని పేరు. చిన్న ఆకులు, గుబురు రూపం చూడగానే శనగ మొక్క స్ఫురిస్తుంది. ఉప్పును ఆకుల ద్వారా వెలికి పంపుతుంది. ఆ ఉప్పు రాత్రి తేమను పీల్చి బిందువులుగా నిలుస్తుంది. శనగ చేలలో రాత్రి పలుచని గుడ్డను పరచి, ఉదయం పిండి శనగ పులుసు తీసే పద్ధతి మన పల్లెలలో పెద్దలకు తెలిసినదే. శనగతో పోల్చిన ప్రాచీనుల మనస్సులో ఆకు రూపంతో పాటు ఈ స్రావం కూడా ఉండి ఉండవచ్చునని నా అభిప్రాయం. కనుకనే అనేకులు ఉప్పుశనగనే రుదంతిగా స్వీకరించారు. అంగడులలో రుదంతి పేరుతో దొరికే ఎండుకాయలు మరొక మొక్కవి, కప్పారిస్ ప్రజాతికి చెందినవి. ఒక్క పేరుకు ఇన్ని ద్రవ్యాలు ఉన్నప్పుడు, పొట్లం మీద రుదంతి అని వ్రాసి ఉన్నంత మాత్రాన గృహస్థుడు నమ్మి కొనడం ప్రమాదమని వేరుగా చెప్పనక్కరలేదు.

గుణకర్మలు – చిత్రమూలంతో పోలిక

డ్రాసెరాలో ప్లంబాజిన్ మొదలైన తీక్ష్ణ పదార్థాలు ఉన్నట్లు రసాయన పరీక్షలలో తేలింది. ప్లంబాజిన్ అనే పేరు మనకు సుపరిచితమైన చిత్రమూలం నుంచి వచ్చినది. చిత్రమూలం వృక్షశాస్త్ర నామం ప్లంబాగో జెలానికా. దాని వేరులో ఈ పదార్థం పుష్కలంగా ఉంటుంది. చిత్రమూలం ఎంత తీక్ష్ణమో వైద్యులందరికీ తెలుసు. పచ్చివేరును నూరి చర్మం మీద పెడితే బొబ్బలెక్కుతుంది. అందుచేతనే సున్నపు తేటలో శోధించి, స్వల్ప మాత్రలో, తగిన యోగాలలో మాత్రమే వాడతారు. గర్భిణులకు పూర్తిగా నిషిద్ధం.

ఒకే పదార్థం రెండింటిలో ఉన్నది కనుక డ్రాసెరా కూడా దీపన పాచనాలను చేస్తుందని తీర్మానించరాదు. చిత్రమూలానికి తరతరాల ప్రయోగం ఉంది, శోధన విధి ఉంది, మాత్రానిర్ణయం ఉంది, వికటిస్తే చేయవలసిన ప్రతిక్రియ ఉంది. డ్రాసెరాకు మన సంప్రదాయంలో ఇవేవీ స్థిరపడలేదు. దాహకత్వం మాత్రం స్పష్టంగా ఉంది. కుమావూ ప్రాంతంలో పెల్టేటా ఆకులను ఉప్పుతో నలిపి చర్మం మీద పెట్టి బొబ్బలెక్కించే వాడుక గ్రంథస్థమైనది కూడా.

దీనికి దృష్టాంతంగా నా వద్దకు వచ్చిన ఒక రోగి సంగతి చెబుతాను. అరవై ఏండ్లు దాటిన విశ్రాంత ఉద్యోగి. చాలాకాలంగా మధుమేహం ఉంది. మోకాలి వాపునకు, ఊరూరా తిరిగే ఒక అమ్మకందారు వద్ద దివ్యమూలిక అని చెప్పగా ఆకుల పొట్లం కొన్నాడు. చెప్పిన ప్రకారం ఉప్పుతో నూరి రాత్రంతా కట్టు కట్టుకొన్నాడు. తెల్లవారేసరికి మోకాలంతా పొక్కి ఉంది. మధుమేహం వలన ఆ పుండు మానక చీము పట్టింది. నా వద్దకు వచ్చేసరికి తొమ్మిది రోజులు గడిచాయి, జ్వరం కూడా ఉంది. నేను వెంటనే శస్త్రవైద్యుని వద్దకు పంపాను. కాలు నిలిచింది గాని రెండు నెలలు మంచం మీదనే గడిపాడు. మిగిలిన పొట్లాన్ని వారి కుమార్తె తెచ్చి చూపింది. ఎండి నలిగినా అర్ధచంద్రాకారపు ఆకులు, కేశాల కొసల ఎర్రని గ్రంథులు భూతద్దంలో కనిపించాయి. వాపు తగ్గిందా అని నేను అడిగినప్పుడు ఆయన, “బొబ్బ నొప్పి ముందు వాపు నొప్పి తెలియలేదండీ” అన్నాడు. బొబ్బలెక్కించే ద్రవ్యాలకు మహిమ ఉన్నదన్న ఖ్యాతి చాలావరకు ఇట్లా వచ్చినదే.

దగ్గుకు డ్రాసెరా

ఐరోపాలో గుండ్రని ఆకుల డ్రాసెరాను శతాబ్దాలుగా పొడిదగ్గుకు, కోరింత దగ్గుకు వాడారు. హోమియో వైద్యంలోనూ ఆ పేరుతో మందు ఉంది. ఆ జాతి ఉత్తరార్ధగోళపు చల్లని నాచు చిత్తడులది, మన మైదానాలలో పెరిగేది కాదు. ఎక్కువగా సేకరించడం వలన, చిత్తడులను ఎండగట్టడం వలన అక్కడ అది అరుదై, జర్మనీ వంటి దేశాలలో రక్షిత మొక్క అయినది. అక్కడి మందులకు మడగాస్కర్ జాతి వంటి ఇతర జాతులను తెప్పించుకోవలసి వచ్చింది. ఒక దేశం తన మొక్కను పోగొట్టుకొని మరొక దేశపు మొక్క మీద పడిన తీరు మనకు గుణపాఠం కావాలి.

మనకు దగ్గుకు ద్రవ్యాల కొరత లేదు. చరకుడు చెప్పిన కాసహర ద్రవ్యాలలో ద్రాక్ష, కరక్కాయ, ఉసిరిక, పిప్పలి, నేలములక ఉన్నాయి. ఇవన్నీ నామరూపాలు స్పష్టంగా తెలిసినవి, దొరికేవి. పెద్దవారికి జలుబుతో వచ్చిన సాధారణ దగ్గులో చెంచాడు అల్లం రసం, చెంచాడు తేనె కలిపి రోజుకు రెండు పర్యాయాలు తీసుకొంటే గొంతుకు ఊరట కలుగుతుంది. కడుపులో మంట, పుండు ఉన్నవారు అల్లం రసం మానవలెను. ఏడాది నిండని శిశువులకు తేనె ఎంతమాత్రం నాకించరాదు.

కోరింత దగ్గు విషయంలో గృహవైద్యం పనికిరాదు. అది సూక్ష్మక్రిముల వలన వచ్చే అంటువ్యాధి, పసిపిల్లలకు ప్రాణాంతకం కావచ్చు. 6, 10, 14 వారాల వయస్సులో ఇచ్చే టీకాలు, 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి, 5 – 6 సంవత్సరాల మధ్య మరొకటి తప్పక వేయించవలెను. దగ్గు తెరలు తెరలుగా వచ్చి, బిడ్డ నీలంగా మారినా, ఊపిరి తీసేటప్పుడు కూత వచ్చినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

పాఠకుల సందేహాలు

ప్రశ్న: ఈ మొక్క పురుగులను చంపుతుంది కదా, కడుపులో పురుగులకు వాడవచ్చునా?

జవాబు: వాడరాదు. ఆకు మీద ఈగ చచ్చేది జిగురు వలన ఊపిరాడక. ఆ క్రియకు, మన ప్రేగులలోని క్రిములకు సంబంధం లేదు. క్రిమిఘ్న ద్రవ్యాలలో చరకుడు వాయువిడంగాలు, మిరియాలు, వావిలి మొదలైనవాటిని చెప్పాడు. వాటిని కూడా వయస్సును, బలాన్ని బట్టి వైద్యుని సలహాతోనే వాడవలెను.

ప్రశ్న: ఇంట్లో పెంచితే దోమల బాధ తగ్గుతుందా?

జవాబు: తగ్గదు. రూపాయి బిళ్లంత మొక్క రోజుకు పట్టేది ఏపాటి? నీటి తొట్లను వారానికొకసారి ఖాళీ చేసి ఆరబెట్టడం ఇంతకంటే ఎన్నో రెట్లు మేలు.

ప్రశ్న: పిల్లలు తాకితే ప్రమాదమా?

జవాబు: వేలితో తాకితే జిగురు అంటడం తప్ప మరేమీ కాదు. నలిపి చర్మానికి పూయడం, కంటికి తగలనివ్వడం, నోట పెట్టడం మాత్రం కూడదు.

ప్రశ్న: కుండీలో పెంచే విధానం ఏమి?

జవాబు: అడవి నుంచి పెరికి తెచ్చినవి సాధారణంగా బ్రతకవు. అది ధర్మమూ కాదు. పెంపకపు మొక్కల నుంచి తీసిన గింజలు దొరికితేనే ప్రయత్నించండి. కడిగిన ఇసుక, నాచుమట్టి సమభాగాలుగా కలిపి, కుండీ అడుగున పళ్లెంలో ఎప్పుడూ వాననీరు నిలిచేలా ఉంచి, మంచి ఎండలో పెట్టాలి. బోరునీరు, కొళాయినీరు, ఎరువు పనికిరావు. మాంసం ముక్కలు పెట్టనక్కరలేదు. కావలసినదానిని అదే పట్టుకొంటుంది.

రక్షణ

ప్రభుత్వ లెక్కలలోనూ, మన నోటి మాటలోనూ డ్రాసెరా పెరిగే నేలకు బంజరు అని పేరు. పంట పండదు, పశువుకు మేత చాలదు, కనుక దానికి విలువ లేదని భావిస్తాం. చిత్తూరు జిల్లాలోని ఒక కొండ వాలున, ఊట కింద, అరచేయి మోపడానికి చోటు లేకుండా డ్రాసెరా పరచుకొని ఉండిన స్థలాన్ని నేను విద్యార్థి దశలో మా గురువుగారి వెంట చూశాను. ఇప్పుడు ఆ ఊటను పైననే గొట్టంలోకి మళ్లించారు, వాలు మీద కంకర పోసి వాహనాలు నిలుపుతున్నారు. ఎవరూ ఆ మొక్కను ద్వేషించి చంపలేదు. అక్కడ ఏదో ఉన్నదని ఎవరికీ తెలియలేదు, అంతే.

అందుచేత మూడు పనులు మన చేతులలో ఉన్నాయి. దివ్యమూలిక పేరుతో ఈ మొక్కను అమ్మితే కొనకుండా ఉండడం మొదటిది. కొనేవారు లేనిదే పెరికేవారు ఉండరు. చలికాలంలో ఊటల వద్దకు, తడి ఇసుక నేలలకు పిల్లలను తీసుకొనిపోయి, భూతద్దంతో ఈ మొక్కను చూపించి, పెరకకుండా తిరిగి రావడం రెండవది. మీ ఊరి బంజరులో తడి చెలకను పూడ్చవలసిన సందర్భం వచ్చినప్పుడు, ఒక వానాకాలం ఆగి అక్కడ ఏమి మొలుస్తున్నదో చూడమని పెద్దలకు చెప్పడం మూడవది.

రుదంతి నిర్ణయం ఇంకా వివాదంలో ఉన్నది. రేపు ఎవరైనా యోగ్యుడు శాస్త్రీయంగా పరీక్షించి డ్రాసెరాలో నిజమైన ఔషధ ప్రయోజనాన్ని నిరూపించవచ్చు. అప్పటికి ఆ మొక్క మన నేల మీద మిగిలి ఉండవలెను గదా.

వచ్చే పాఠంలో ఉప్పుశనగను గురించి, చౌడు నేలల ఓషధులను గురించి విచారిద్దాం.